గవర్రాజు మావ ఊఁ కొట్టిన కథ

మనవి

ముందుగా క్షమాపణలు. మెరకవీధి వర్తక మహాజనులకు, మున్సిపాలిటీ వారికి, మున్సిపాలిటీ వారు నాటిన స్తంభానికి, ఆ స్తంభం మీద వాలే కొంగలకు, నాకు భాషాశాస్త్రం బోధించి పాపం మూటగట్టుకున్న లెక్చరర్ గారికి, చిట్టచివరగా తెలుగు భాషకు, ఈ దినచర్య రాస్తున్నందుకు సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇది చదివి ఎవరి పరువైనా పోయిందనిపిస్తే, అది ముందునుంచీ వారి దగ్గర లేదని గ్రహించగలరు. ఇందులోని దుర్మార్గాలన్నీ ఇతరులు చేసినవి. నేను పక్కన నిలబడి ప్లేట్లు కడిగాను.

షష్ఠి

మా తాతలు పెళ్ళిళ్ళకి తిథులు చూసేవారట. మేం చెప్పులకి చూస్తాం. అష్టమి అయితే నీళ్ళు పల్లంలోనే ఆగుతాయి, చెప్పులు వేసుకోవచ్చు. పౌర్ణమికీ అమావాస్యకీ సముద్రం వీధి ఎక్కి వచ్చి, మెరక అంచున కూర్చుని, ‘ఏవైనా ఉన్నాయా’ అన్నట్టు చూస్తుంది.

మెరక మీద రెండే కొట్లు. ఒకటి మా తాయారత్త టిఫిన్ కొట్టు. తాయారత్త మా నాన్న చెల్లెలు. నా డిగ్రీకి ఉద్యోగం దొరికేదాకా నన్ను ప్లేట్ల దగ్గర పెట్టింది. రెండోది గవర్రాజు మావ మోకాళ్ళ షాపు. మావ అంటే చుట్టరికం ఏమీ లేదు, పక్క కొట్టువాడు. మోకాళ్ళు అంటే మనుషులవి కావు, బళ్ళవి. చక్రాల బండిని నేను మ్యూజియంలో చూశాను. ఇప్పుడున్నవన్నీ నాలుగు కాళ్ళ మీద బురద తొక్కుకుంటూ వచ్చి, గేదెల్లా చతికిలబడే బళ్ళు. గేదె మోకాళ్ళకి ఉప్పు పట్టదు, వీటికి పడుతుంది. పట్టినప్పుడు గవర్రాజు మావ కావాలి.

రెండు కొట్లకీ మధ్య బళ్ళు నిలిపే జాగా, అందులో పన్నెండు గళ్ళు. పసుపు గీతలవి ఆరు మావి, నీలం గీతలవి ఆరు ఆయనవి. గడి ఒక్కటైనా లేని కొట్టు మెరక మీద ఉండకూడదని రూలు. ఉంటే పీకి పల్లంలో దింపుతారు. పల్లంలో రోజుకి రెండుసార్లు నడుంలోతు ఉప్పునీళ్ళు. ఇనుముతో బతికేవాడికి అది ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఈ రూళ్ళు అమలు చేసేది స్తంభం. వరదల్లో కాగితాలన్నీ కొట్టుకుపోయాక మున్సిపాలిటీ వారు ‘ఇకమీదట మనిషి మాటే పత్రం’ అని ప్రకటించి, ఆ మాట వినడానికి జాగాకో స్తంభం నాటారు. దానికో కన్ను, ఓ చెవి, రెండు చేతులు. ఒక చేతికి కుంచె, ఇంకో చేతికి కొక్కెం. మేం దాన్ని పెద్దమనిషి అంటాం. పాత దస్తావేజులు చదివించి తెలుగు నేర్పినట్టున్నారు, ఆ భాషలోనే మాట్లాడుతుంది.

ఇవాళ ఓ కుంటి బండి మా గడిలోకి కాలు చాపింది. అత్త గరిటె పట్టుకుని బయల్దేరింది.

"రాజుగారూ, మీ పేషెంటు నా చోట్లో పడుకున్నాడు."

"మోకాలు విప్పేశాను తల్లీ. సాయంత్రానికి ముడుచుకుంటుంది."

"అది ముడుచుకునేలోగా నా బేరం ముడుచుకుంటుంది."

గవర్రాజు మావ మళ్ళీ పనిలోకి దూరాడు. తల బండి పొట్టలో ఉంది, చెవి మోకాలికి ఆనించి ఉంది. అత్త ఆగే మనిషి కాదు.

"పొద్దుటేళ మీకు బేరాలుండవు కదా."

"ఊఁ."

"నాకు చోటు చాలక జనం తిరిగిపోతున్నారు కదా."

"ఊఁ."

"అంచేత మీ చివరి గడి ఇకనుంచి నాదే కదా."

"ఊఁ."

స్తంభం మీద కొంగ లేచిపోయింది. కుంచె చెయ్యి చప్పుడు లేకుండా దిగి, నీలం గీత మీద పసుపు పూసింది. "పక్షముల వారు ఇరువురును సమ్మతించిరి," అంది పెద్దమనిషి.

అత్త నోరు తెరుచుకుంది. మళ్ళీ మూసేసరికి ఆ నోట్లో నవ్వు చేరింది.

గవర్రాజు మావ బండిలోంచి తల బయటపెట్టాడు. "ఊఁ అన్నాను గానీ సరే అన్లేదు కదయ్యా. వింటున్నానని అన్నాను."

"ఊఁ అనుట సమ్మతి. విరుద్ధముగా సాక్ష్యము లేదు."

"తాయారూ, నువ్వైనా తిరిగిచ్చేశానని చెప్పమ్మా."

"మీరే అడగండి రాజుగారూ," అంది అత్త ఎంతో మర్యాదగా. "నేను ఊఁ అంటానేమో చూద్దాం."

అష్టమి

ఊరంతటికీ తెలిసిపోయింది. చెప్పులేసుకుని మరీ వచ్చారు.

గవర్రాజు మావ తాతగారు బుర్రకథలో వంత. కథకుడు ఒక మాట అంటే అందుకుని నడిపించడం వాళ్ళింటి వృత్తి. ఇనుములోకి దిగి రెండు తరాలైనా గొంతులో ఆ పని ఇంకా మిగిలే ఉంది. ఆయన ముందు ఎవరు ఏ సంగతి మొదలుపెట్టినా వాక్యం చివర ఆయన ఊఁ తయారుగా ఉంటుంది. ఆలోచన తర్వాత వస్తుంది. ఈ మెరక మీద కష్టాలున్న వాళ్ళందరూ ఆయన దగ్గరికే ఎందుకొస్తారో ఇప్పుడు అర్థమవుతోంది. ఆయన పరిష్కారం ఏమీ చెప్పడు. ఊఁ అంటాడు. అందరూ తేలికపడి వెళ్ళిపోతారు.

ఇవాళ మాత్రం తేలికపడటానికి ఎవరూ రాలేదు.

మొదట దిగినవాడు పోసిబాబు. ఉప్పు మూటలు తోలే బండి అతనిది, దాని నాలుగు మోకాళ్ళూ గవర్రాజు మావ వేసినవే. గడి గెలిస్తే రెండు నాచు పెసరట్లు ఊరికే ఇస్తానని అత్త ప్రకటించింది. పోసిబాబు పీట లాక్కుని మావ పక్కన కూర్చున్నాడు.

"గవర్రాజన్నా, నీకో కథ చెప్తాను."

"వద్దురా పోసీ. పనుంది."

"చిన్నదేలే. అనగనగా ఒక రాజుగారు."

గవర్రాజు మావ పెదాలు బిగపట్టాడు. మెడ నరాలు పొంగాయి. నేను ప్లేటు కడగడం ఆపి చూశాను. తుమ్ము ఆపుకునే మనిషి ముఖం అది.

"ఆ రాజుగారికి ఒక కొడుకు పుట్టాడు. పుట్టినవాడు పుట్టినట్టే లేచి నిలబడి అడిగాడూ..."

"ఊఁ," అన్నాడు మావ. కొడుకు ఏమడిగాడో వినకుండా ఎలా ఉంటాడు మరి.

"నాన్నా నాన్నా, ఐదో గడి తాయారుకిచ్చేశావా అన్నాడు."

"ఊఁ."

కుంచె దిగింది. జనం పొట్టలు పట్టుకున్నారు. పోసిబాబు రెండు పెసరట్లూ అల్లం పచ్చడితో తిని, మూడోది డబ్బులిచ్చి కొనుక్కున్నాడు. సాయంత్రానికి ఇంకెవరో ఇంకో గడి గెలిచారు. ఆయనవి మూడు మిగిలాయి.

నేను నవ్వలేదని చెప్పను. ప్రేక్షకుడు నవ్వితే అది నేరం కాదు, టికెట్టు డబ్బులు గిట్టించుకోవడం.

దశమి

మానవతా దృక్పథంతో నేనే గవర్రాజు మావకి చింతపండు ఉండ ఒకటి తీసుకెళ్ళి ఇచ్చాను. నోట్లో పెట్టుకుంటే ఊఁ రాదని. మంచి సలహా. పొద్దున్నంతా పనిచేసింది. మధ్యాహ్నం ఒకావిడ వచ్చి, తన కోడలు గుడ్లు లెక్కపెట్టి మరీ వండుతుందని చెప్పుకుంటూ కూర్చుని, మధ్యలో ‘ఇంకో గడి తాయారుకిచ్చేశావా’ అని కలిపింది. మావ చింతపండు పుక్కిట పెట్టి "మ్మ్" అన్నాడు. మ్మ్ కూడా సమ్మతేనని పెద్దమనిషి తీర్పు. ఆవిడకి గడితో పనే లేదు, అత్త పంపింది. రెండు మిగిలాయి.

ఆయన టిఫిన్ తిన్న ప్లేటు తీసుకోవడానికి వెళ్తే నన్ను కూర్చోబెట్టాడు.

"అల్లుడూ, ఊఁ అంటే ఏంటో నీకు తెలుసా?"

"పుస్తకంలో ఉంది మావా."

"పుస్తకంలో ఉండదురా. చీకట్లో మెట్లు దిగుతున్నావనుకో. కింద నిలబడ్డవాడు ‘ఇంకోటుంది, ఇంకోటుంది’ అంటాడు. అదీ ఊఁ. దిగేది నువ్వు, నేను కాదు. అందులో నేను ఒప్పుకోడానికేవుంది?"

ఇంత చక్కటి నిర్వచనం మా సిలబస్‌లో లేదు. ఆ సంగతి ఆయనతో అనలేదు. పొగిడితే మళ్ళీ ఊఁ అంటాడు.

"విరుద్ధంగా సాక్ష్యం లేదంటోంది ఆ స్తంభం. చదువుకున్నవాడు ఒక్కడు చెప్తే వింటుందట, అడిగాను. నువ్వు దీని గురించే కదరా చదివావు."

"నేను చదివింది ‘ఏంటి’ గురించి మావా. తెలుగు సంభాషణలో ‘ఏంటి’ అనే పదం పాత్ర. రెండూ దగ్గర చుట్టాలేలే."

"చెప్తావా?"

"చెప్తాను."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. అరచేతినిండా గ్రీజు. ఆ మరక ఇంకా పోలేదు, ఆ సబ్బు కంపెనీని తర్వాత తిడతాను.

అత్తకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. పిండి రుబ్బుతూనే అంది: "చెప్పు. నీ చదువు ఒక్కసారైనా వాడకంలోకి వస్తుంది. ఆయన గెలిస్తే నాలుగు గళ్ళూ ఇచ్చేస్తాను. ఆట ఆటే." కాబట్టి చదువరులారా, అత్తకి భయపడ్డాననే సాకు నాకు లేదని ఇక్కడే రాసి పెడుతున్నాను.

చతుర్దశి

ప్రసంగం తయారైంది. మూడు భాగాలు. వినడం అంటే ఏమిటి, ఒప్పుకోవడం అంటే ఏమిటి, రెండిటికీ మధ్య తెలుగువాడు ముక్కుతో కట్టిన వంతెన ఏమిటి. చాలా బాగా వచ్చింది. ఎవరికైనా ఒకసారి వినిపించాలనిపించింది. గవర్రాజు మావ కంటే మంచి శ్రోత ఈ ఊళ్ళో లేడు.

షాపు ముందు నిలబడి మొదలుపెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ప్రతి వాక్యానికీ ఊఁ పడుతోంది. ఆ ఊఁల మీద నా వాక్యాలు వాటంతటవే నడిచాయి. నేను అంత బాగా మాట్లాడటం నేనే ఎప్పుడూ వినలేదు. వేగం మీద ఉదాహరణలోకి వెళ్ళిపోయాను.

"ఇప్పుడు ఒకామె ‘నీ గడి తాయారుకి ఇస్తావా’ అని అడిగిందనుకోండి..."

"ఊఁ."

ఇద్దరం కుంచె వైపు చూస్తూ నిలబడ్డాం. అది తీరిగ్గా పూసింది.

దీన్ని నా ఖాతాలో వేయకండి. ఇది ప్రమాదం. గవర్రాజు మావ కూడా అదే అన్నాడు. "పోనీలేరా. ప్రసంగం మాత్రం బాగుంది. రేపు అలాగే చెప్పు, అన్నీ తిరిగొచ్చేస్తాయి."

ఒకటి మిగిలింది.

పౌర్ణమి

ఆ ఒక్కటీ పొద్దున్నే పోయింది. దానికి కథ కూడా అక్కర్లేకపోయింది. అత్త రెండు వేడి ఇడ్లీలు గిన్నెలో పెట్టుకుని ఆయన గుమ్మంలోకి వెళ్ళింది. గొంతులో ఇంత తేనె.

"రాత్రి నిద్ర పట్టిందా రాజుగారూ?"

"ఊఁ."

"ఒంట్లో బానే ఉందా?"

"ఊఁ."

"ఆ చివరి గడి నాకిచ్చేశారా?"

"ఊఁ," అన్నాడు మావ, ఇడ్లీ గిన్నె అందుకుంటూ. ఈ నెలలో ఆయన్ని ‘ఒంట్లో బానే ఉందా’ అని అడిగిన మొదటి మనిషి ఆవిడే మరి.

కుంచె ముడుచుకుంది. కొక్కెం విప్పుకుంది. అది విప్పుకోవడం ఈ మెరక మీద ఎవరమూ చూడలేదు. పెద్ద బాతు మెడలా వంగి, మోకాళ్ళ షాపు రేకుల కప్పు మీద ఆనింది. లోపల గోడలకి తగిలించిన రెంచీలు, సుత్తులు ఒకదానికొకటి తగులుకుని గలగలలాడాయి.

"ఆగవయ్యా పెద్దమనిషీ," అన్నాడు గవర్రాజు మావ. "సాక్షి ఉన్నాడు."

కొక్కెం ఆగింది. "సాక్షి ఎవరు?"

జనం పక్కకి తప్పుకుని నాకు దారిచ్చారు. అప్పటికే మెరకంతా జనం. పోటు మొదలైంది, కింద పల్లంలో నీళ్ళు నిండుతున్నాయి, అందరూ ఇక్కడే ఉన్నారు. పోసిబాబు బండి మీదెక్కి కూర్చున్నాడు. అత్త చేతులు కట్టుకుంది. నేను తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుని స్తంభం ముందుకెళ్ళాను. ఇంతమంది నన్ను చూస్తూ నోరు మూసుకోవడం నా జీవితంలో ఇదే మొదటిసారి.

"బొండాడ ముక్తేశ్వరరావు నీవేనా?"

"నేనే."

"భాషను చదివితివా?"

"చదివాను."

"ప్రశ్న ఒక్కటి. సమాధానము ఒక్కటి. పిమ్మట మార్చుటకు వీలులేదు. నీ సమాధానము విరుద్ధమైనచో గళ్ళు ఆరును గవర్రాజునకు తిరిగి చెందును. తెలిసినదా?"

"తెలిసింది."

"ఈ ప్రాంతమున ఊఁ అనుట సమ్మతియేనా?"

"ఊఁ," అన్నాను.

ఎలా వచ్చిందో, వచ్చేసింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మెరక మొత్తం ఒక్కసారిగా విరగబడింది. పోసిబాబు బండి మీంచి జారిపడ్డాడు. అందరికంటే ముందు నవ్వినవాడు గవర్రాజు మావ. మంచి కథలో మంచి మలుపు దగ్గర నవ్వినట్టు, తల వెనక్కేసి, నోరంతా తెరిచి నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు: "బాగా మొదలెట్టావురా అల్లుడూ. ఇంక చెప్పు."

"సాక్ష్యము నమోదైనది," అంది పెద్దమనిషి.

కొక్కెం షాపుని కప్పుతో, గోడలతో, గుమ్మానికున్న మామిడాకులతో సహా పైకెత్తింది. కింద చెక్కలు ఊడి రెంచీలు జాగాలో రాలాయి. ఆయన వాటి వెంట పరిగెత్తి, ఏరి, ఒళ్ళో వేసుకుంటున్నాడు. "ఇంకా చెప్పలేదు కదయ్యా, కుర్రాడింకా చెప్పలేదు," అంటూనే ఏరుతున్నాడు. షాపు పల్లంలో దిగినప్పుడు నీళ్ళు కిటికీ దాకా వచ్చాయి.

బహుళ విదియ

నన్ను చూస్తే అందరికీ జాలి. "పాపం ముక్తి, అలవాటుకొద్దీ అనేశాడు, ఎంత కుమిలిపోతున్నాడో," అంటున్నారు. ఒకావిడ నాకు దిష్టి తీసింది. అత్త ఒక గరిటె నెయ్యి ఎక్కువ వేసింది. నేను తల వంచుకుని అన్నీ స్వీకరించాను.

ఊళ్ళో ఇప్పుడు ఎవరూ ఊఁ అనడం లేదు. సాక్ష్యం నమోదయ్యాక అది అన్ని స్తంభాలకీ చట్టమైపోయింది. అప్పు అడిగేవాడి ముందు, అల్లుడి ముందు, అద్దెకున్నవాడి ముందు అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వింటున్నారు. పక్కింట్లో ఒకామె బిడ్డకి కథ చెప్తూ, "ఊఁ కొట్టకు, కళ్ళార్పు చాలు," అంటోంది. ఆ కథ త్వరగా అయిపోయింది. నేనూ విన్నాను, సింహం కనబడగానే అయిపోయింది.

పన్నెండు గళ్ళూ పసుపే. అన్నీ ఖాళీ. ఉప్పు పట్టిన మోకాళ్ళతో బళ్ళు మెరక ఎక్కలేక వాలులోనే చతికిలబడుతున్నాయి. పోసిబాబు తన బండిని వెనకనుంచి నెట్టుకుంటూ వచ్చి, పెసరట్టు బాకీ ఏమైనా ఉందా అని అడిగాడు. అత్త పిండి సగానికి తగ్గించింది. జాగా మాత్రం రోజూ ఊడ్పిస్తోంది, నాతోనే.

బహుళ చవితి

నీళ్ళు వెనక్కి తీసే ఆటు వేళ చూసి, ఇడ్లీలు పట్టుకుని పల్లంలోకి దిగాను. గోడల మీద నీటిగీత నా ఛాతీ దగ్గరుంది. గవర్రాజు మావ మంచాన్ని నాలుగు బండి మోకాళ్ళ మీద ఎత్తిపెట్టుకున్నాడు. రెంచీలు గుడ్డ మీద ఆరబెట్టి ఉన్నాయి. అన్నీ ఎర్రబడ్డాయి. ఒకదాన్ని పట్టుకుని ఇసుకతో తోముతున్నాడు. పాదాలు పాలిపోయి, వేళ్ళ మధ్య చర్మం లేస్తోంది.

"కూర్చో అల్లుడూ. మంచం మీద కూర్చో, కింద తడి."

కూర్చున్నాను.  ఆయనే మాట్లాడాడు.

"నువ్వేం మనసులో పెట్టుకోకు. నాకు తెలీదా? ఎదుటివాడు మాటాడుతుంటే మనకి లోపల్నించి తన్నుకొచ్చేస్తుంది. మా తాతకుంది, నాకుంది, నీకూ ఉంది. మనిద్దరిదీ ఒకటే జబ్బు."

నేను ఇడ్లీ గిన్నె మూత తీసి ముందు పెట్టాను.

ఆయన మనసు మళ్ళించాలని కథ మొదలుపెట్టాను. "అనగనగా ఒక ఊళ్ళో ఒక చాకలివాడూ, వాడికో గాడిదా." ఆగాను. ఆయన నా వైపే చూస్తున్నాడు, వింటున్నాడు. రెండు వేళ్ళతో పెదాలు గట్టిగా పట్టుకుని ఉన్నాడు. పల్లంలో స్తంభం లేదు, పోగొట్టుకోవడానికి గడీ లేదు. "ఆ గాడిద ఓ రోజు రేవుకి వెళ్ళనని మొరాయించింది," అన్నాను. మళ్ళీ ఆగాను. ఆయన వేళ్ళు తీయలేదు. గాడిద తర్వాత ఏం చేసిందో నాకు తెలుసు, వందసార్లు చెప్పాను. ముందుకి వెళ్ళలేకపోయాను. నీళ్ళొచ్చే వేళైందని చెప్పి లేచి వచ్చేశాను.

బహుళ షష్ఠి

ఇంతదాకా రాసినదాంట్లో నేను చేసిన పని ఒక్కటే ఉంది.

అది అలవాటు కాదు. నాకు ఆ జబ్బు లేదు, ఎప్పుడూ లేదు. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే నేను నా వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తానే తప్ప ఊఁ కొట్టను, అత్తనడగండి. పెద్దమనిషి ప్రశ్న మొత్తం విన్నాను. ‘కాదు’ అన్న మాట నాలుక మీద ఉంది, ఆరు గళ్ళూ దాని వెనకే ఉన్నాయి. రేకుల మీద కొక్కెం కనబడుతోంది. గవర్రాజు మావ నా వైపు ఎలా చూస్తున్నాడో అదీ కనబడుతోంది. అప్పుడు ఆ ప్రశ్నకి ఇంకో జవాబు తట్టింది. చిన్నది, అతికినట్టు సరిపోయేది. అలాంటిది మనిషికి జన్మలో ఒక్కసారే తడుతుంది. జనం వైపు చూశాను. ఊపిరి బిగబట్టి ఉన్నారు. ఇంకొక్క క్షణం ఆగితే పాతబడిపోతుంది.

నవ్వుతారని అన్నాను. నవ్వారు.